హెచ్‌టూఎస్ నీళ్ల సీసా: పేటల్లో వాడేవాళ్లకు పనికొచ్చే సమీక్ష

తాగే నీళ్లలో మలం కలిసిందో లేదో ఇంట్లోనే చూసుకోవడానికి పనికొచ్చే, అరచేతిలో ఇమిడే చిన్న గాజుసీసా ఇది. హెచ్‌టూఎస్ అంటే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే వాయువు. లోపల మందు పట్టించి ఆరబెట్టిన కాగితం ముక్క మడిచి ఉంటుంది. కొన్ని కంపెనీలు కాగితానికి బదులు పొడి వేస్తాయి. సీసా మీద 20 మిల్లీలీటర్ల దగ్గర ఒక గీత. కొళాయి నీళ్లు ఆ గీతదాకా పట్టి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు పక్కన పెట్టాలి. నీళ్లలో మలం కలిసుంటే సీసా నల్లబడుతుంది, లేకుంటే పట్టినప్పటి రంగులోనే ఉంటుంది. కరెంటుతో పని లేదు, మైక్రోస్కోపుతో పని లేదు, రిపోర్టు చదివి చెప్పడానికి ఇంకో మనిషితో పని లేదు. ల్యాబ్ సామాన్లు అమ్మే అంగళ్లలో హెచ్‌టూఎస్ వయల్ అని అడిగితే ఇస్తారు.

పట్టణాల్లో ఆరోగ్యం మీద పరిశోధన అంటే చాలాచోట్ల ఒకే వరస నడుస్తుంది. బయటినుంచి కొందరు వస్తారు, ఫారాలు నింపుకుంటారు, నీళ్లు పట్టుకుంటారు, పోతారు. ఏం తేలిందో ఆ పేటకు ఎవరూ చెప్పరు. ఈ సీసాతో ఆ వరస మారుతుంది, ఎందుకంటే అది ఎవరింట్లో ఉందో వాళ్లకే ఫలితం ముందు తెలుస్తుంది. కాబట్టి మా తీర్పు మొదటే చెబుతున్నాం. పేటవాళ్లే చోట్లు ఎంచి, వాళ్లే నీళ్లు పట్టి, వాళ్లే రంగు చూసి రాసుకునేటట్టయితే ఈ ఖర్చులో ఇంతకన్నా మంచి సాధనం దొరకదు. ఎవరో ఒకరోజు వచ్చి పది సీసాలు నింపుకుని పోయే పనికైతే కొనొద్దు. ఆ డబ్బుతో ల్యాబ్‌లో ఒక పరీక్ష చేయించుకోవడం నయం.

సీసా పుట్టింది మనదేశంలోనే. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థలో మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు శాస్త్రవేత్తలు తయారుచేసి 1982లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో ప్రకటించారు. ల్యాబ్ అందుబాటులో లేనిచోట నీళ్లు తాగొచ్చా లేదా తేల్చుకోవడానికి చేసిన పరీక్ష అది. తర్వాత చాలా దేశాలకు పాకింది. 2019లో జలజీవన్ మిషన్ మొదలై, ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పించాలన్న ఏర్పాటు వచ్చాక మన పల్లెల్లోనూ తెలిసింది. పట్టణాల పేటల్లోకి మాత్రం ఇంకా సరిగా రాలేదు. రావాల్సిన అవసరం పేటల్లోనే ఎక్కువ. పల్లెలో ఒక ట్యాంకు, రెండు మూడు లైన్లు ఉంటాయి. కర్నూలు లాంటి నగరంలో అదే నీళ్లు మైళ్లకొద్దీ పాత గొట్టాల్లో, మోరీల పక్కన, మోరీల్లోంచి కూడా పోయి ఇంటికి చేరతాయి. వాంతులు, బేదులు వచ్చి నలుగురు ఆసుపత్రిలో చేరాకే పైపులో ఏం పోతోందని అడగడం మన అలవాటు. ఆ ప్రశ్న నెలనెలా అడగడానికి ఈ సీసా సరిపోతుంది.

నల్లబడటం వెనక ఏం జరుగుతుందో తెలిస్తే సగం తప్పులు జరగవు. పేగుల్లో ఉండే సిట్రోబ్యాక్టర్, సాల్మొనెల్లా, ప్రోటియస్, క్లాస్ట్రీడియం లాంటి బ్యాక్టీరియా మందులోని గంధకాన్ని హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన ఆ వాయువుదే. మందులో ఇనుము కూడా కలిపి ఉంటారు. వాయువు ఇనుముతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అవుతుంది, దాని రంగు నలుపు. ల్యాబ్‌వాళ్లు వెతికేది ఈ-కోలి అనే ఇంకో పేగు బ్యాక్టీరియాను. ఈ-కోలి మామూలుగా ఈ వాయువు తయారుచేయదు. అంటే సీసా ఒకదాన్ని పట్టుకుంటుంది, ల్యాబ్ ఇంకోదాన్ని పట్టుకుంటుంది. మలం కలిసిన నీళ్లలో రెండు రకాలూ ఉంటాయి కాబట్టి ఎక్కువసార్లు రెండు ఫలితాలూ కలుస్తాయి. కలవని రోజు కూడా ఉంటుంది. ఆ రోజు ల్యాబ్‌వాళ్లు దాస్తున్నారనో, పేటవాళ్లు కావాలని మురుగు పోశారనో మాటలు మొదలవుతాయి. ఈ తేడాను శిక్షణ మొదటిరోజే చెప్పేస్తే ఆ గొడవ ఉండదు.

నీళ్లు పట్టే పద్ధతి తేలికే, అయినా ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కొళాయికి బట్ట కట్టి ఉంటే, ప్లాస్టిక్ పైపు తొడిగి ఉంటే తీసెయ్యాలి. ఆ బట్టలో ఉన్న మురికే సీసాను నల్లబరచగలదు. కొళాయి మూతిని స్పిరిట్ దూదితో తుడవాలి. సీసా మూత తీశాక దాన్ని నేలమీద పెట్టకూడదు, లోపలివైపు వేలు తగలకూడదు. ఎడమచేతి చిటికెన వేలితో మూత పట్టుకుని, కుడిచేత్తో సీసా పట్టుకోవడం అలవాటు చేసుకుంటే చాలు. ధార సన్నగా ఉండాలి. గీత దాటి పోసి, ఎక్కువైందని ఒంపేయడం చాలామంది చేసే పని. ఒంపితే మందు కూడా కొంత పోతుంది, ఆ సీసా లెక్కలోకి రాదు. మూత బిగించి మెల్లగా తిప్పి, కాగితం మొత్తం తడిసేటట్టు చూసి, పేరుపట్టీ అంటించాలి. మార్కర్ తడికి చెరిగిపోతుంది. మెడికల్ ప్లాస్టర్ ముక్క మీద బాల్‌పెన్నుతో రాస్తే నిలుస్తుంది. దాని మీద ఉండాల్సింది ఇంతే: "రెండో వీధి, చివరి కొళాయి, మొదటి నీళ్లు, ఉదయం 5.40, క్లోరిన్ లేదు." పట్టిన తేదీ, పట్టిన మనిషి పేరు నోట్‌బుక్కులో రాసుకోవాలి.

ఆ "మొదటి నీళ్లు" అన్న మాట దగ్గర ఆగాలి. పుస్తకాల్లో కొళాయి రెండు మూడు నిమిషాలు వదిలి ఆ తర్వాత పట్టమని ఉంటుంది. ఇరవైనాలుగు గంటలూ నీళ్లుండే ఊళ్లకు అది సరే. మనకు నీళ్లు వచ్చేది కొంతసేపే, మిగతా వేళంతా గొట్టం ఖాళీ. ఖాళీ గొట్టంలోకి పగుళ్లగుండా చుట్టూ ఉన్న మురుగు దిగుతుంది. మళ్లీ నీళ్లు వదలగానే ఆ మురుగే ముందుగా వస్తుంది. రెండు నిమిషాలు వదిలేసి పడితే ఆ సంగతి సీసాకు తెలియదు. కానీ బిందెలు వరసలో పెట్టి కూర్చున్న ఇంట్లో రెండు నిమిషాల నీళ్లు ఎవరూ పారబోయరు, పైగా మొదటి బిందె తాగే బిందెలోకే పోవచ్చు. కాబట్టి ఒక్కో కొళాయి దగ్గర రెండు సీసాలు ఉండాలి. ఒకటి నీళ్లు రాగానే, ఇంకొకటి రెండు మూడు నిమిషాల తర్వాత.

అమెరికాలోని ఫ్లింట్ నగరంలో 2015లో జనం చేసిన పరిశోధన ఇదే తర్కం మీద నిలబడింది. అక్కడ సమస్య సీసం, బ్యాక్టీరియా కాదు. నీళ్లు బాగున్నాయని అధికారులు చెబుతుంటే, ఊరివాళ్లు వర్జీనియా టెక్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలతో కలిసి 300 పరీక్ష పెట్టెలు ఇల్లిల్లూ పంచారు. 250కి పైగా నింపి తిరిగి వచ్చాయి. ఒక్కో పెట్టెలో మూడు సీసాలు: రాత్రంతా కదలని గొట్టంలోంచి వచ్చే మొదటి నీళ్లకు ఒకటి, 45 సెకన్ల తర్వాత ఒకటి, రెండు నిమిషాల తర్వాత ఒకటి. మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే విషం ఇంటి కొళాయిలోంచి వస్తోందా, వీధి గొట్టంలోంచా అన్నది బయటపడుతుంది. అంతమంది ఒకే పద్ధతిలో పట్టబట్టే ఆ లెక్కలను తోసిపుచ్చడం చివరికి ఎవరివల్లా కాలేదు. మన పేటలు నేర్చుకోవాల్సింది ఆ క్రమశిక్షణను. వంద సీసాలు వందరకాలుగా పడితే దేనికీ కొరగావు.

నింపిన సీసా 30 నుంచి 37 డిగ్రీల మధ్య ఉండాలి. కర్నూలులో ఏడాదిలో చాలా నెలలు గది వేడిమే సరిపోతుంది కనుక ఇంక్యుబేటర్ కొనక్కర్లేదు. ఇబ్బంది రెండు కాలాల్లో వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో మధ్యాహ్నం లోపలి వేడి బ్యాక్టీరియా సరిగా పెరగలేనంత కావచ్చు. అప్పుడు చెడ్డ నీళ్లు పట్టిన సీసా కూడా తెల్లగానే, అంటే నల్లబడకుండా, ఉండిపోతుంది. ఆ రోజుల్లో సీసాలను గూట్లో కాకుండా నేలమీద, నీళ్లకుండ పక్కన పెట్టాలి. ఎండ తగిలే కిటికీ అసలు పనికిరాదు. డిసెంబరు, జనవరిలో రాత్రిపూట చలికి బ్యాక్టీరియా మందగించి నల్లబడటం ఆలస్యమవుతుంది. థర్మకోల్ పెట్టెలో సీసాలు పెట్టి, పక్కన వేడినీళ్ల సీసా ఒకటి గుడ్డలో చుట్టి ఉంచితే సరి. ఒక మామూలు థర్మామీటరు కూడా ఆ పెట్టెలో ఉండాలి.

రంగు చూడాల్సింది 12, 18, 24, 48 గంటలకు. ఎప్పుడు నల్లబడిందో రాయడం ముఖ్యం, ఎందుకంటే మలం ఎక్కువ కలిసిన నీళ్లు త్వరగా నల్లబడతాయి. పన్నెండు గంటలకే నల్లబడ్డ చోటూ, రెండో రోజు సాయంత్రానికి నల్లబడ్డ చోటూ ఒకటి కాదు. 48 గంటలు దాటాక వచ్చిన నలుపును లెక్కలోకి తీసుకోకూడదు. కాగితం చివర మాత్రమే నల్లబడినా నలుపే.

ప్రతి విడతలో రెండు సీసాలు సాక్షులుగా ఉండాలి. ఒకదాంట్లో పది నిమిషాలు మరగబెట్టి మూతపెట్టి చల్లార్చిన నీళ్లు, రెండోదాంట్లో మంచినీళ్లలో నాలుగు చుక్కల మోరీ నీళ్లు. మొదటిది నల్లబడితే పట్టే చేతుల్లోనో సీసాల్లోనో తప్పుంది. రెండోది నల్లబడకపోతే మందు పాడైంది, లేదా వేడి సరిగా లేదు. ఈ రెంటిలో ఏది జరిగినా ఆ విడత మొత్తం పక్కన పెట్టాలి. ఖర్చు మిగులుతుందని వీటిని వదిలేసేవాళ్లు చాలామంది. వదిలేస్తే కార్పొరేషన్ ఇంజినీరు అడిగే మొదటి ప్రశ్నకే జవాబు ఉండదు.

ఎన్ని కొనాలి? వీధిని లెక్కగా పెట్టుకోండి, వార్డును కాదు. కరాచీలోని ఒరంగి బస్తీలో 1980లో అఖ్తర్ హమీద్ ఖాన్ మొదలుపెట్టిన పని అట్లాగే నడిచింది. ఇరవై ముప్ఫై ఇళ్ల సందు ఒక గుంపు. ఆ సందువాళ్లే డబ్బు వేసుకుని మురుగు గొట్టాలు వేసుకున్నారు. సందుల మురుగు ఎటు పోతోందో అక్కడి కుర్రాళ్లే పటాలు గీశారు. వీధి చిన్నది కాబట్టి ఎవరి కొళాయి ఎక్కడుందో, ఎవరి మోటారు ఎంత లాగుతుందో అందరికీ తెలుసు. పాతిక ఇళ్ల వీధికి లెక్క ఇట్లా వస్తుంది: వీధి మొదట్లో, మధ్యలో, చివర మూడు కొళాయిల దగ్గర రెండేసి చొప్పున ఆరు, చీటీలు వేసి ఎంచిన మూడు ఇళ్ల డ్రమ్ముల్లోంచి మూడు, వీధిలోకి నీళ్లు దిగే పెద్ద లైను దగ్గర ఒకటి, సాక్షులు రెండు. మొత్తం పన్నెండు. నెల తర్వాత ఇంకోసారి పన్నెండు. నల్లబడ్డ చోట మళ్లీ చూడటానికి ఆరు. ఒక వీధికి 30 సీసాలుంటే మాట్లాడటానికి సరిపడా లెక్కలు వస్తాయి. ఒక్కోటి కొన్ని పదుల రూపాయలే. జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ 2013లో మొదలైనప్పటినుంచి 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి, దానికి ఏడాదికి 5,000 రూపాయల నిధి ఉంటుంది. ఇటువంటి చిన్న ఖర్చులకు దాన్ని అడగాలి. ఆశా కార్యకర్తతో మాట్లాడి, సమితి సమావేశంలో తీర్మానం రాయించుకుంటే దారి దొరుకుతుంది.

ఏ కొళాయి, ఏ వేళ అన్నది ఎంచాల్సింది మాత్రం పేటవాళ్లే. నీళ్లు వచ్చేది తెల్లవారుజామునా, రాత్రి పదికా, రోజు మార్చి రోజా అన్నది బిందె పట్టుకునే మనిషికే తెలుసు. లైను ఎక్కడ మోరీలోంచి పోతుందో, ఎక్కడ ట్యూబు ముక్క చుట్టి వైరు కట్టారో వాళ్లకే తెలుసు. కర్నూలులో హంద్రీ నది ఒడ్డు పేటల్లో 2009 అక్టోబరు వరద తర్వాత ఏ గొట్టం ఎక్కడ మార్చి వేశారో ఆఫీసు పటం కన్నా అక్కడి పెద్దవాళ్లు బాగా చెబుతారు. లండన్‌లో 1854లో కలరా వచ్చినప్పుడు బ్రాడ్ వీధి పంపు మీద అనుమానం పెట్టిన డాక్టర్ జాన్ స్నో పేరు అందరికీ తెలుసు. హెన్రీ వైట్‌హెడ్ పేరు తక్కువమంది వింటారు. ఆయన ఆ పేట చర్చిలో పాదిరి. స్నో మాట తప్పని నిరూపిద్దామనే మొదలుపెట్టి, ఇల్లిల్లూ తెలిసినవాడు కాబట్టి ప్రతి గుమ్మం ఎక్కి అడిగి, చివరికి స్నో చెప్పిందే నిజమని తేల్చాడు. మొదట జబ్బుపడ్డ పసిబిడ్డ ఇల్లు బయటపెట్టింది ఆయనే. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు పోసిన గుంత బావికి మూడడుగుల లోపే ఉంది. డాక్టరు వేసిన పటానికి పేట మనిషి తెచ్చిన వివరం తోడవడంతోనే ఆ కథ పూర్తయింది.

నల్లబడ్డాక ఏం చెయ్యాలన్నది సీసా పెట్టె మీద రాసి ఉండదు, అసలు పని మాత్రం అక్కడే మొదలవుతుంది. ముందు ఆ రోజునుంచే తాగే నీళ్లు మరగబెట్టుకోవడం, లేదా క్లోరిన్ బిళ్ల వేసి అరగంట ఆగి తాగడం. తర్వాత వెతుకులాట. వీధి కొళాయి తెల్లగా, ఇంటి డ్రమ్ము నల్లగా ఉంటే తప్పు లైనుది కాదు. డ్రమ్ములో చెంబు ముంచడం, మూత లేకపోవడం, అడుగున పాచి. వీధి మొదట్లో తెల్లగా, చివర నల్లగా ఉంటే ఆ రెంటి మధ్య గొట్టం ఎక్కడో పగిలింది. మధ్య కొళాయి రంగు చూస్తే వెతకాల్సిన దూరం సగానికి తగ్గుతుంది. మొదటి నీళ్లు మాత్రమే నల్లబడి రెండోవి తెల్లగా ఉంటే ఖాళీ గొట్టంలోకి మురుగు దిగుతోంది. అన్నీ నల్లబడితే తప్పు పైన ఎక్కడో ఉంది, అప్పుడు పెద్ద లైను సీసా చూడాలి.

గుంత కొళాయిని దగ్గరగా చూడండి. నీళ్ల ఒత్తిడి చాలక, ఇంటి ముందు రెండడుగులు తవ్వి, గొట్టాన్ని అక్కడే కోసి, కొళాయిని నేలమట్టానికి కింద పెట్టుకుంటారు. బిందె దిగేంత గుంత. బిందె నిండేటప్పుడు పొర్లిన నీళ్లు గుంతలోనే నిలుస్తాయి. దాంట్లోకి మోరీ ఊట వస్తుంది, కోడిపిల్లలు దిగుతాయి, గిన్నెలు కడిగిన జిడ్డు చేరుతుంది. నీళ్లు ఆగిపోయాక కొళాయి మూతి ఆ మడుగులో మునిగే ఉంటుంది. పక్కింట్లో మోటారు లైనుకే బిగించి వేశారంటే గొట్టంలో గాలి లాగేసి, ఆ మడుగు నీళ్లన్నీ వెనక్కి లోపలికి పోతాయి. మర్నాడు అవి వీధి చివరి ఇంటికి వస్తాయి. సీసా నల్లబడేది ఆ చివరి ఇంట్లో, కారణం ఉండేది పదో ఇంటి ముందు. ఇట్లాంటిది ల్యాబ్ రిపోర్టులో ఎన్నటికీ దొరకదు. వీధిలో ముగ్గుపిండితో లైను గీసి, నల్లబడ్డ చోట బొగ్గుముక్క, తెల్లగా ఉన్నచోట సుద్దముక్క పెట్టి అందరూ చుట్టూ నిలబడితే అరగంటలో దొరుకుతుంది. గుంత ఎవరిదని వేలు చూపడం మొదలుపెడితే పని చెడుతుంది. ఒత్తిడి లేకనే గుంత వచ్చింది కాబట్టి, ఒత్తిడి పెంచమన్న అర్జీ కూడా అదే రోజు వార్డు సచివాలయంలో నీళ్లు, మోరీల పనులు చూసే ఎమినిటీస్ సెక్రటరీకి పోవాలి.

ఇక సీసా లోపాలు. బోరు నీళ్లలో ముందే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటే, పోసిన కొద్ది నిమిషాల్లోనే నల్లబడుతుంది. అది బ్యాక్టీరియా పని కాదు, దాన్ని లెక్క రాయకూడదు. మట్టిలో ఉండే కొన్ని బ్యాక్టీరియా కూడా ఈ వాయువు చేస్తాయి కాబట్టి లోతు బోర్ల దగ్గర ఈ సీసాను పూర్తిగా నమ్మలేం. నది నీళ్లు శుద్ధిచేసి వదిలే కొళాయిల దగ్గర దీని మాట గట్టిగా నిలుస్తుంది. రెండో లోపం, పట్టేది 20 మిల్లీలీటర్లే. తాగేనీళ్ల భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఒక్క ఈ-కోలి కూడా కనబడకూడదు. కలిసిన మలం కొద్దిగానే ఉంటే 20 మిల్లీలీటర్లలో దొరక్కపోవచ్చు. అనుమానం గట్టిగా ఉన్నచోట ఒకే కొళాయినుంచి ఐదు సీసాలు పడితే 100 అవుతుంది, ఐదింట్లో ఎన్ని నల్లబడ్డాయన్నదే తీవ్రత. మూడోది, వైరస్‌లకూ జియార్డియా లాంటి పరాన్నజీవులకూ ఇది జవాబు చెప్పదు. సీసా తెల్లగా ఉందంటే మలం ఆనవాలు దొరకలేదని మాత్రమే. అంతకుమించి పేటలో ఎవరికీ మాట ఇవ్వకండి.

ఫ్లోరైడ్ గురించి వేరే చెప్పాలి. అనంతపురం, కడప, కర్నూలు జిల్లాల బోరు నీళ్ల పెద్ద బాధ అది, ఈ సీసాకు దానితో సంబంధం లేదు. ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా. దానికి వేరే రసాయన కిట్టు ఉంది. నల్లబడిందని మరగబెట్టుకోమని చెప్పేటప్పుడు ఆ ఇంటి నీళ్లు బోరువా కొళాయివా అడగండి. మరగబెడితే బ్యాక్టీరియా చస్తుంది, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది.

సీసాతోపాటు క్లోరిన్ చూసే కిట్టు తప్పనిసరి. కొళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మన దగ్గర ఎక్కువగా కనిపించే క్లోరోస్కోపులో ఆర్థోటాలిడిన్ చుక్కలు వేస్తే పసుపు వస్తుంది. ఆ మందు చర్మానికీ ఒంటికీ మంచిది కాదు, చాలాచోట్ల మానేశారు. గులాబి రంగు వచ్చే డీపీడీ బిళ్లల కిట్టు కొనండి. క్లోరిన్ ఫలితం నిమిషంలో తెలుస్తుంది, సీసా ఫలితం రేపో ఎల్లుండో తెలుస్తుంది. రెండూ పక్కపక్కన రాస్తేనే అర్థం పూర్తిగా వస్తుంది. క్లోరిన్ లేదు, సీసా తెల్లగా ఉంది అంటే ఈ రోజు బయటపడ్డాం కానీ ఆ నీళ్లకు కాపలా లేదని. క్లోరిన్ ఉంది, సీసా నల్లబడింది అంటే పట్టడంలో తప్పేమైనా ఉందా చూసి మళ్లీ పట్టాలి; ల్యాబ్‌కు పంపాల్సింది కూడా అట్లాంటి చోటినుంచే. ల్యాబ్‌కు ఇంట్లోని మినరల్ వాటర్ బాటిల్‌లో పట్టుకుపోతే తీసుకోరు. వాళ్ల దగ్గరే శుద్ధిచేసిన సీసా తెచ్చుకుని, పట్టి, ఐస్‌పెట్టెలో పెట్టి, వీలైతే ఆరు గంటల్లో, ఎట్లా చూసినా 24 గంటల్లోపు చేర్చాలి.

మనుషుల సంగతిలో మూడు విషయాలకు గట్టిగా పట్టుబడతాం. ఒకటి, ఇంటి డ్రమ్ము నల్లబడితే ఆ ఇంటి పేరు వీధిలో చెప్పకూడదు. ఆ ఇంటామెకు విడిగా చెప్పి, ఎట్లా కడుక్కోవాలో చూపించి, పటంలో ఇంటి నంబరు లేకుండా గుర్తు పెట్టాలి. ఒక్కసారి పేరు బయటపడితే మర్నాడు ఏ ఇంటివాళ్లూ సీసా పట్టనివ్వరు. రెండు, ఫలితం మొదట వీధికి, తర్వాతే ఆఫీసుకు, ఆ తర్వాతే పత్రికలకు, కాలేజీ ప్రాజెక్టులకు. మూడు, పట్టేవాళ్ల పొద్దుకు విలువ కట్టాలి. నీళ్లు వచ్చే వేళే ఆడవాళ్లకు ఊపిరాడని వేళ. తెల్లవారుజామున లేచి కొళాయి దగ్గర నిలబడి రాసుకునే మనిషికి రోజుకూలీ ఇవ్వకుండా సేవ అని పేరు పెడితే, మూడో విడతకు ఎవరూ రారు, రాకపోవడమే న్యాయం. నిధులున్న యూనివర్సిటీ పరిశోధన అయితే ఆ కూలీ బడ్జెట్‌లో మొదటి పద్దుగా ఉండాలి.

కెన్యా రాజధాని నైరోబీలోని ముకురు మురికివాడ ఈ విషయంలో మంచి పాఠం. 2017లో ఆ నగర పాలకులు ముకురును ప్రత్యేక ప్రణాళిక ప్రాంతంగా ప్రకటించారు. ముంగానో అనే మురికివాడల వాళ్ల సంఘం ఇల్లిల్లూ తిరిగి నీళ్లు, మరుగుదొడ్లు, జబ్బులు, అద్దెల లెక్కలు తీయడంలో ముందు నిలబడింది. యూనివర్సిటీలు, స్వచ్ఛంద సంస్థలు దానితో కలిసి పనిచేశాయి. ముకురులో ఉండేది లక్ష కుటుంబాల దాకా. లెక్కలు తీసిన చేతులే ప్రణాళిక బల్ల దగ్గర కూర్చోబట్టి ఆ కాగితాలు బీరువాలో మిగలలేదు. మన దగ్గర సీసాలు పట్టిన ఆమెకు వార్డు సమావేశంలో కుర్చీ ఉంటుందా అన్నది సీసా కొనేముందే తేల్చుకోవాలి. పట్టణాల నీళ్ల కోసం కేంద్రం 2021లో మొదలుపెట్టిన అమృత్ 2.0 పథకంలో పట్టణ పొదుపు సంఘాల ఆడవాళ్లను నీళ్ల పరీక్షకు తీసుకునే వెసులుబాటు ఉంది. పట్టణ పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా రిసోర్స్ పర్సన్‌ను పట్టుకుని అడగడానికి ఇది మంచి ఆధారం.

కొనేటప్పుడు చూడాల్సినవి: బ్యాచ్ నంబరు, గడువు తేదీ సీసా మీదే ఉండాలి, పెట్టె మీద మాత్రమే ఉంటే వద్దు. మూతకు సీలు ఉండాలి. నీళ్లు పోయకముందే కాగితం మీద నల్లటి మచ్చలుంటే, తడి కనిపిస్తే తిప్పి పంపండి. ఎక్కువ కొని నిల్వ పెట్టుకోకండి. ఎండాకాలం రేకుల గదిలో ఆరు నెలలున్న మందు మీద మాకు నమ్మకం లేదు. ఒకే విడతలో రెండు కంపెనీల సీసాలు కలపొద్దు, నల్లబడే వేళలు తేడా వస్తాయి.

వాడేశాక పారేసే తీరు సరిగా నేర్పని శిక్షణ శిక్షణే కాదు. నల్లబడ్డ సీసాలో బ్యాక్టీరియా కోట్లకొద్దీ పెరిగి ఉంటుంది. దాన్ని వాసన చూడటానికి తెరవకూడదు, పిల్లలకు అందేచోట ఉంచకూడదు. చేతికి గ్లవ్స్ వేసుకుని, బ్లీచింగ్ పౌడర్ కలిపిన చిక్కటి నీళ్లు సీసా నిండా పోసి, గంటసేపు వదిలి, మరుగుదొడ్లో ఒంపాలి. ఖాళీ సీసా కడిగి పచ్చడికో నూనెకో వాడుకుందామనిపిస్తుంది, గాజు మంచిదే కాబట్టి, వద్దు. పగలకుండా గుడ్డలో చుట్టి, గాజుచెత్తగా విడిగా ఇవ్వాలి. నల్లబడని సీసాలకూ ఇదే పద్ధతి.